వెయ్యి వాట్ల లెక్క: తక్కువ ఖర్చులో హోమ్ థియేటర్ రిసీవర్ ఎంచుకోవడం

సాహితీ క్లబ్బు పత్రికలో వాట్ల గోలేంటి అని అడుగుతారేమో. ధ్వని గురించి మాట్లాడే హక్కు ఆలంకారికులకు ఎంతుందో మనకూ అంతే ఉంది! పైగా ఈ విషయం ఇంట్లో వాళ్ళు మనల్నే అడుగుతారు. మా కంకిపాడులో నన్నూ అడిగారు. మినుములు అమ్మిన డబ్బులోంచి నాన్న 40 వేలు పక్కన పెట్టి, ఏది కొనాలో తేల్చమన్నారు. నాయనమ్మ షరతు ఒక్కటే: "హోరు అక్కర్లేదురా, మాటలు తెలిస్తే చాలు." ఆ డబ్బు వృథా కాకూడదని నేను చదివి, లెక్కలేసి తెలుసుకున్నవి ఇవి.

రిసీవర్ చేసే పని

రిసీవర్ అంటే ఒకే పెట్టెలో మూడు పనులు. టీవీ, సెట్‌టాప్ బాక్సుల్లో ఏది వినాలో ఎంచుకునే స్విచ్చు. డాల్బీ, డీటీఎస్ సంకేతాల్ని విడదీసే డీకోడర్. స్పీకర్లను నడిపే యాంప్లిఫయర్. 5.1 అంటే ముందు ఎడమ, కుడి, మధ్యలో సెంటర్, పక్కన లేదా వెనక రెండు సరౌండ్‌లు, ఆ ".1" సబ్‌వూఫర్‌కి వెళ్ళే బేస్ చానెల్.

పెట్టెతో పాటు స్పీకర్లన్నీ కలిపి అమ్మే సెట్లో చాలాసార్లు ఒకటి పాడైతే మొత్తం మూలన పడుతుంది. విడి రిసీవర్‌తో ఆ బాధ తక్కువ. ఈ ఏడు రెండు స్పీకర్లు, వచ్చే పంటకి ఇంకో రెండు అన్నట్టు పెంచుకోవచ్చు.

వెయ్యి వాట్లు ఎక్కడివి?

మన ఊళ్ళలో అసెంబుల్డ్ సెట్లు బాగా అమ్ముడవుతాయి. వాటిలో చిన్నవాటికి చాలాకాలం ప్రాణం 4440 ఐసీ. దాని డేటాషీటు తీసి చూడండి: 13.2 వోల్టుల దగ్గర స్టీరియోలో చెరో 6 వాట్లు, బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లు. డబ్బా మీద మాత్రం ఎన్ని సున్నాలైనా ఉండొచ్చు. ఆ అంకె పక్కన "పీఎంపీవో" అని ఉంటే దాన్ని పట్టించుకోనక్కర్లేదు. దాన్ని ఎలా కొలవాలో చెప్పే ఒప్పుకున్న ప్రమాణమేదీ లేదు.

సులువైన పరీక్ష మనం మొదటి ఏడాదిలో చదివిన శక్తి నిత్యత్వమే. లోపలి ట్రాన్స్‌ఫార్మర్ 12-0-12, 5 ఆంపియర్లు అనుకుందాం. 24 × 5 = 120 వీఏ. గోడ సాకెట్ నుంచి వచ్చేదే అంత అయితే, స్పీకర్లకి నిలకడగా వెయ్యి వాట్లు ఎలా వెళ్తాయి?

పేరున్న కంపెనీల రిసీవర్లలోనూ అంకె చదవడం తెలియాలి. ఉదాహరణకి యమహా ఆర్‌ఎక్స్-వీ385. రెండు చానెళ్ళు నడుస్తూ, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా, 0.09 శాతం డిస్టార్షన్‌తో 70 వాట్లు. అదే పెట్టె ఒక్క చానెల్‌తో, 1 కిలోహెర్ట్జ్ దగ్గర, 0.9 శాతం డిస్టార్షన్ ఒప్పుకుంటే 100 వాట్లు. రెండూ 6 ఓమ్‌ల దగ్గరివే, రెండూ నిజమే. పోల్చేటప్పుడు మాత్రం మొదటి రకం అంకెనే పక్కపక్కన పెట్టాలి.

ఎన్ని వాట్లు సరిపోతాయి?

స్పీకర్ సెన్సిటివిటీ 88 డెసిబెల్స్ అనుకోండి. అంటే 1 వాట్ ఇస్తే మీటరు దూరంలో 88. హాల్లో 3 మీటర్ల దూరంలో కూర్చుంటే సుమారు 9.5 తగ్గి 78.5 అవుతుంది. గోడల ప్రతిధ్వని వల్ల నిజానికి అంత తగ్గదు కూడా. 10 వాట్లు ఇస్తే 88.5. మామూలుగా మాట్లాడుకునే మాట 60 చుట్టూ ఉంటుందని గుర్తుంచుకోండి!

70 వాట్లకీ 100 వాట్లకీ తేడా లాగరిథమ్‌లో ఒకటిన్నర డెసిబెల్. వింటూ పసిగట్టడం కష్టం. ఆ తేడా కోసం వేలు పెట్టే బదులు ఆ డబ్బు స్పీకర్లలో పెట్టడం మేలు.

నాయనమ్మ షరతు

సినిమాలో మాటలు ఎక్కువ భాగం సెంటర్ చానెల్‌లో వస్తాయి. సెంటర్ స్పీకర్ విడిగా ఉంటే, రిసీవర్ సెట్టింగ్స్‌లో దాని లెవెల్ ఒక్కటే 3 డెసిబెల్స్ పెంచొచ్చు. పాటల హోరు అలాగే ఉంటుంది, మాట పైకొస్తుంది. చాలా రిసీవర్లలో పెద్ద చప్పుళ్ళకీ చిన్న మాటలకీ మధ్య తేడా తగ్గించే నైట్ మోడ్ లాంటి సదుపాయం కూడా ఉంటుంది. అందుకే మా ఇంట్లో సబ్‌వూఫర్, సరౌండ్‌లు వాయిదా వేసి, ముందు ఎడమ, కుడి, సెంటర్ మూడే తీసుకుందామన్నాను. 40 వేలలో రిసీవర్‌కి సగం దాటకూడదనుకున్నాం. ఆ ధరకి సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు, హెచ్‌డీఎమ్ఐ ఉండాలి.

మన స్లాబు ఇళ్ళు, నున్నటి టైల్స్ మాటని మసకబారుస్తాయి. కర్టెన్లు, ఒక మందపాటి దుప్పటి ఇచ్చే స్పష్టత ఖరీదైన పెట్టె ఇవ్వలేకపోవచ్చు.

కొట్లో అడగాల్సినవి

1. హెచ్‌డీఎమ్ఐ ఏఆర్‌సీ ఉందా? టీవీలోని యాప్‌ల శబ్దం ఒకే తీగతో వెనక్కి వస్తుంది. ఆప్టికల్ తీగ మామూలు డాల్బీ, డీటీఎస్ 5.1 తెస్తుంది గానీ డాల్బీ డిజిటల్ ప్లస్ తేలేదు.
2. స్పీకర్ ఇంపీడెన్స్ ఎంత దాకా ఒప్పుకుంటుంది? 8 ఓమ్‌ల స్పీకర్లు రెండు ప్యారలల్‌లో కలిపితే 4 ఓమ్‌లు. కరెంటు రెట్టింపై పెట్టె వేడెక్కుతుంది.
3. సెటప్ మైకు ఉందా? స్పీకర్ల దూరాలు అదే కొలుస్తుంది. శబ్దం మీటరు దాటడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది; ఆ తేడాని సరిచేస్తుంది.
4. సెకండ్ హ్యాండ్ అయితే అరగంట నడిపి, ప్రతి చానెల్, ప్రతి హెచ్‌డీఎమ్ఐ పోర్టు విడివిడిగా చూపిస్తారా? రిమోటు, మైకు ఇస్తారా?
5. దగ్గర్లో బాగుచేసేవాళ్ళు ఎవరు? బెజవాడ దాటి పంపాలంటే ఆ ఖర్చూ ధరలో కలుపుకోవాలి.

తెచ్చాక రిసీవర్ని టీవీ అలమరలో మూసి పెట్టకండి, పైన గాలి ఆడాలి. మన ఎండలకి అది తప్పనిసరి. త్రీ పిన్ సాకెట్‌లో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో కూడా చూపించుకోండి. డబ్బా మీది వాట్లు కొట్టువాడు చెప్తాడు. ఎన్ని చానెళ్ళతో, ఎంత డిస్టార్షన్‌తో అని అడగాల్సింది మాత్రం మనమే.