విహార నౌకలో రాత్రి ఆటకు సౌండ్ సిద్ధమయ్యే తీరు

మయామీ నుంచి కరీబియన్ దీవులకు వెళ్లే పెద్ద విహార నౌక. రాత్రి 7.30కి మొదటి ఆట, 9.30కి రెండోది. నలుగురు గాయనీగాయకులు, పది మంది డ్యాన్సర్లు, ఏడుగురు వాద్యకారులు. సౌండ్ టెక్నీషియన్ పని మధ్యాహ్నమే మొదలవుతుంది. ముందు కట్లు చూసుకుంటాడు. చాలా నౌకల్లో థియేటర్ అణియం వైపు, అంటే ఓడ ముందు కొసన ఉంటుంది. కెరటాల ఊపు అక్కడ ఎక్కువ. అందుకే స్పీకర్లకు, పరికరాల పెట్టెలకు బెల్టులు బిగించి ఉంటాయి. తర్వాత కరెంటు ఇస్తాడు: మొదట మిక్సర్, చివర ఆంప్లిఫయర్లు. వరస తప్పితే మిక్సర్ ఆన్ అయ్యేటప్పటి ‘ఠప్’ నేరుగా స్పీకర్లకు తగులుతుంది.

ఇక వైర్‌లెస్ మైకులకు ఫ్రీక్వెన్సీలు వెతకాలి. నేల మీది హాల్లో ఒకసారి కుదిరినవి ఏళ్ల తరబడి నడవచ్చు. ఓడకు ఆ వీలు లేదు. రేవులో ఆ ఊరి టీవీ స్టేషన్లు అడ్డొస్తాయి, నడిసంద్రంలో ఖాళీ దొరుకుతుంది, మర్నాడు ఇంకో దేశంలో ఇంకో లెక్క. అమెరికాలో 2017లో ముగిసిన వేలంతో 600 మెగాహెర్ట్జ్ పట్టీలో చాలా భాగం మొబైల్ కంపెనీలకు పోయింది. మైకులకు ఇప్పుడు ముఖ్యంగా మిగిలింది 470 నుంచి 608 వరకు. స్కాన్‌లో ఖాళీగా కనబడిన చోటల్లా పెట్టేయడానికీ లేదు. 500లో ఒకటి, 501లో ఒకటి ట్రాన్స్‌మిటర్లు దగ్గర దగ్గరగా పనిచేస్తే 499లోనూ 502లోనూ దొంగ సంకేతాలు పుడతాయి. మూడో మైకును 502లో పెడితే గరగర తప్పదు. అందుకే మైకుకీ మైకుకీ మధ్య ఎడం ఒకేలా లేకుండా చూసుకుంటాడు.

వెనక వరుసల కోసం బాల్కనీ కింద చిన్న స్పీకర్లు ఉంటాయి. 22 డిగ్రీల హాల్లో శబ్దం సెకనుకు దాదాపు 344 మీటర్లు పోతుంది. స్టేజీ స్పీకర్లకు 20 మీటర్ల అవతల కూర్చున్నవారికి పాట 58 మిల్లీసెకన్లకు చేరుతుంది. తీగలో అయితే ఆ క్షణమే వచ్చేస్తుంది. రెండూ విడివిడిగా చెవిన పడితే మాట అలుక్కుపోతుంది. కాబట్టి చిన్న స్పీకర్లను 58 మీద ఇంకో 10, 15 మిల్లీసెకన్లు ఆపి మోగిస్తాడు. ముందు వచ్చిన శబ్దం వైపే చెవి మొగ్గుతుంది. స్పీకర్ నెత్తి మీదే మోగుతున్నా పాట గాయని నోటి నుంచే వస్తున్నట్టుంటుంది. ఈ పనిలో నన్ను అన్నిటికన్నా మురిపించేది ఇదే.

సాయంత్రం 5.30కి గాయకులకు మైకులు తొడుగుతాడు. మిరియపు గింజంత మైకు, మంచి రకమైతే 40 వేల రూపాయల పైమాటే. నుదుటిపై జుట్టు మొదలయ్యేచోట నిలిపి, తీగను విగ్గు కింద నుంచి మెడ వెనక్కి తెచ్చి టేపు వేస్తాడు. నడుముకు కట్టే ట్రాన్స్‌మిటర్‌కు చెమట తగలకుండా జిడ్డు పూత లేని కండోమ్ తొడుగుతాడు. రంగస్థలం వాళ్లకు ఇది పాత పద్ధతే. ఒక్కోదానికి రెండు డబుల్ ఏ బ్యాటరీలు. కొత్తవి ఆరేడు గంటలు వస్తాయి, అయినా ప్రతి రాత్రీ కొత్తవే వేస్తాడు.

ఆరింటికి సౌండ్ చెక్. ‘హలో, వన్ టూ త్రీ’ అనిపిస్తే చాలదు, పాటలో గొంతు బాగా పైకి లేచే చోటే పాడమంటాడు. మీటరు మైనస్ 18 డెసిబెల్స్ దగ్గర ఆడేలా గెయిన్ పెడతాడు. ఆ పైన మిగిలే చోటు గొంతు పగలకుండా కాపాడుతుంది. 100 హెర్ట్జ్ కింది శబ్దం కోసేస్తే యంత్రాల రొద చాలావరకు పోతుంది. కోరస్ కంప్యూటర్ నుంచి వస్తుంది. దానితో తాళం కలిపేందుకు ‘క్లిక్’ అనే టిక్కుటిక్కు చప్పుడు వాద్యకారుల చెవుల్లోకి మాత్రమే వెళ్లాలి. అది హాల్లోకి పోతే ఆట పరువు పోయినట్టే. ఆ దారి రెండోసారీ చూస్తాడు.

తెర లేచాక పనితనమంతా ఫేడర్ల మీద, అంటే ఒక్కో మైకునీ పెంచి తగ్గించే జారుడు మీటల మీద ఉంటుంది. కొత్తవాళ్లు నాలుగు మైకులూ తెరిచి కూర్చుంటారు. చేయి తిరిగినవాడు పాడబోయేవారి మైకును వాళ్లు ఊపిరి తీసుకునే ముందు తెరిచి, పంక్తి కాగానే మూస్తాడు. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ, స్పీకర్ శబ్దం మళ్లీ మైకులో పడి పుట్టే కూత రాకుండా పెంచుకోగల శబ్దం 3 డెసిబెల్స్ పడిపోతుంది. ఇద్దరు ఎదురెదురుగా దగ్గర నిలబడి పాడే చోట ఒకరి గొంతు రెండు మైకుల్లోనూ పడి బోలుగా వినిపిస్తుంది. అక్కడ ఒక్క మైకే తెరిచి ఇద్దరినీ అందులోనే పట్టుకుంటాడు. పాటలన్నీ అతనికి నోటికే వచ్చు. నిండిన హాల్లో జనం ఒంటి మీది బట్టలు పై స్వరాలను పీల్చేస్తాయి. సౌండ్ చెక్‌లో పదునుగా ఉన్న గొంతు మెత్తబడిందని మొదటి పాటలోనే పసిగట్టి సరిచేస్తాడు.

ఓడ అత్యవసర ప్రకటన వస్తే థియేటర్ సౌండ్ ఆగిపోయి దారివ్వాలి. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత వినిపిస్తే అతనూ ఓడ సిబ్బందే. మంటలార్పడం, సముద్రంలో ప్రాణాలు కాపాడుకోవడం, ప్రథమ చికిత్స నేర్చుకోనిదే సాధారణంగా ఈ ఉద్యోగంలోకి తీసుకోరు. మన దేశం నుంచి వెళ్లేవారు వీటితో పాటు సీడీసీ అనే నావికుల పుస్తకం చేయించుకుంటారు.

రెండో ఆట అయ్యాక మైకులు తుడిచి సిలికా జెల్ వేసిన పెట్టెలో పెడతాడు. వాడిన బ్యాటరీలు రిహార్సల్ డబ్బాలోకి. సముద్రం మీద దుకాణం ఉండదు కనుక పాడైన తీగ, తగ్గిన టేపు, అయిపోవచ్చిన బ్యాటరీలు ఆ రాత్రే జాబితాకెక్కుతాయి. ఓడ మళ్లీ మయామీ చేరిన రోజున సరుకు లోపలికి వస్తుంది.