వరి జన్యువులలో మార్పులు – వానిని గుర్తించు విధము

తెల్లబియ్యములో ఎఱ్ఱగింజలు కలిసిన ధర తగ్గునని రైతు సోదరులు ఎరుగుదురు. ఈ ఎఱుపు తెలుపుల భేదము జన్యువులోని ఒక చిన్న మార్పు వలన కలిగినది. ఇట్టి మార్పునే ఉత్పరివర్తనమందురు.

మొక్కలోని డి.ఎన్.ఎ.కు ఎ, టి, జి, సి అను నాలుగే అక్షరములు కలవు. జన్యువులో మాంసకృత్తును తెలుపు భాగమును కణము మూడేసి అక్షరములుగా చదువును. ఒక్కొక్క మూడింటికి ఒక అమైనో ఆమ్లము చేరును. "వరదపడవనడక" అను వరుసను మూడేసిగా చదువుడు: వరద, పడవ, నడక.

1. మార్పిడి: ఒక అక్షరమునకు బదులు మరియొకటి వచ్చుట. "పడవ" "పడక" యగును. తక్కిన మాటలు చెడవు. అడవి వరిలో గింజ రాలిపోవును. సాగు వరిలో ఎస్.హెచ్.4 జన్యువునందు ఒక జి స్థానమున టి వచ్చుటచే రాలుట తగ్గినదని 2006లో తెలిసినది. కొన్ని మార్పిడులు ఆమ్లమును మార్చనే మార్చవు. కొన్ని ముగింపు గుర్తును తెచ్చి మాంసకృత్తును మధ్యలోనే ఆపివేయును.

2. లోపము, చేర్పు: అక్షరములు పోవుట లేక అదనముగా చేరుట. పై వరుసలో "ర" పోయిన "వదప, డవన, డక" యగును. పోయిన లేక చేరిన అక్షరముల సంఖ్యను మూటితో భాగింపుడు. శేషము లేనిచో తరువాతి మాటలు నిలుచును. ఉన్నచో అన్నియు చెడును. వరి గింజకు మొదటి రంగు ఎఱుపే. ఆర్.సి. అను జన్యువులో 14 అక్షరములు పోవుటచే తెల్లబియ్యము వచ్చినది, శేషము 2. తెల్లరకములలో అత్యధిక భాగమునకు మూలమిదియే.

గుర్తించుటకు మూలపు వరుస క్రింద క్రొత్త వరుసను ఉంచి పోల్చవలెను. పొడవు సమానమై అక్షరము మారిన మార్పిడి, పొడవు తగ్గిన లోపము, పెరిగిన చేర్పు.

దీని వలన విత్తనమునకు గల ప్రయోజనమును గమనింపుడు. తెల్లరకపు కంకికి ఎఱ్ఱరకపు పుప్పొడి సోకినను ఆ గింజ తెల్లగానే యుండును. ఏలయన బియ్యపు పైపొర తల్లిమొక్కది. దానిని విత్తిన మొక్క మాత్రము ఎఱ్ఱగింజలు కాయును. కంటికి దొరకని ఈ కల్తీని నారుమడి నుండి తీసిన ఆకుముక్కతోనే ప్రయోగశాలలో పట్టవచ్చును. శుద్ధమైన తెల్లరకములో ఆ జన్యుభాగము పొట్టిగా నుండును. కలిసిన మొక్కలో పొట్టిది, పొడుగుది రెండును కనబడును. కావున విత్తనపు చేనికి సమీపమున ఎఱ్ఱరకములను ఉండనీయరాదు.

అభ్యాసము: బాసుమతి సువాసనకు కారణమైన జన్యువులో 8 అక్షరములు లోపించినవి. దాని తరువాతి మాటలు నిలుచునా, చెడునా? భాగించి చూడుడు.