ద్వంద్వ పౌరసత్వం: పేరులో ఏముంది, చట్టంలో ఏముంది?

మన కోలారు జిల్లా వాళ్లకు సరిహద్దు కొత్త కాదు. ముళబాగిలు దాటి నంగలి మీదుగా పోతే పలమనేరు. బంగారపేటలో రైలెక్కితే కుప్పం. ఇంకో పక్కకు పోతే తమిళనాడు. 2001 ఫిబ్రవరి 28న బంగారు గనులు మూతపడ్డాక, తెల్లవారకముందే మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఇల్లు చేరే బతుకు మనలో చాలామంది ఇళ్లది. ఏ రాష్ట్రంలో పని దొరికినా పోతాం, పాస్‌పోర్టు చూపించమని ఎవరూ అడగరు. ఎందుకంటే మన రాజ్యాంగం ప్రకారం దేశమంతటికీ ఒకటే పౌరసత్వం, రాష్ట్రానికొకటి లేదు. దేశంలో ఎక్కడికైనా పోవడానికి, ఉండటానికి, వృత్తి చేసుకోవడానికి 19వ అధికరణం హక్కు ఇచ్చింది.

మరి పది రోజుల పని మీద దేశం సరిహద్దు దాటి వచ్చేవాళ్ల సంగతేమిటి? "మా మామకు రెండు దేశాల పౌరసత్వం ఉంది" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో చూద్దాం.

మాట ముచ్చట

'పుర'లో ఉండేవాడు పౌరుడు. అంటే పుట్టుకలో ఇది ఊరికి సంబంధించిన మాట, తర్వాత దేశానికి పెరిగింది. 'ద్వంద్వం' మనకు సమాసాల పాఠంలో తెలిసిందే: తల్లిదండ్రులు, అన్నదమ్ములు అన్నప్పుడు రెండు పదాల అర్థానికీ సమాన ప్రాధాన్యం. ద్వంద్వ పౌరసత్వం అన్నా అంతే. రెండు దేశాల్లోనూ ఒకే మనిషి పూర్తి పౌరుడు కావాలి, రెండు చోట్లా ఓటు ఉండాలి.

ఇండియా దీన్ని ఒప్పుకోదు. 1955 పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, భారత పౌరుడు తన ఇష్టంతో ఇంకో దేశ పౌరసత్వం తీసుకుంటే భారత పౌరసత్వం దానంతట అదే పోతుంది. ఎవరూ వచ్చి రద్దు చేయనక్కరలేదు.

పసిపిల్లల విషయంలో మాత్రం కొంత వెసులుబాటు ఉంది. విదేశంలో పుట్టి, వంశం వల్ల భారత పౌరసత్వం, పుట్టిన చోటు వల్ల ఆ దేశ పౌరసత్వం రెండూ వచ్చిన పిల్లలు, 18 ఏళ్లు నిండిన ఆరు నెలల్లోగా రెండో దేశ పౌరసత్వం వదులుకోవాలి. లేకపోతే మనది పోతుంది.

ఓ.సి.ఐ. అంటే

2005లో అమల్లోకి వచ్చిన ఓ.సి.ఐ. కార్డునే జనం ద్వంద్వ పౌరసత్వం అనుకుంటారు. 'విదేశాల్లోని భారత పౌరుడు' అని దాని పేరు. పేరులో పౌరుడు ఉన్నాడు, చట్టంలో మాత్రం అతడు విదేశీయుడే. బహువ్రీహిలో లాగా అర్థం పదాల బయట ఉంది! అది జీవితాంతం చెల్లే, ఎన్నిసార్లయినా వచ్చిపోగల వీసా, దాంతోపాటు కొన్ని హక్కులు.

ఒక ఉదాహరణ

గనుల కాలంలో ఇక్కడ బతికిన ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా స్వాతంత్ర్యం తర్వాత బ్రిటన్‌కు, ఆస్ట్రేలియాకు వెళ్లిపోయాయి. ఈ కాలంలో చదువులకు, ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లూ ఉన్నారు. మారికుప్పంలో పుట్టి, సిడ్నీలో ఆస్ట్రేలియా పౌరురాలైన ఒక ఇంజినీరును ఊహించుకుందాం. బెంగళూరు కంపెనీలో పది రోజుల పని ఉండి వస్తోంది.

1. ఏ పాస్‌పోర్టు? ఆస్ట్రేలియా 2002 నుంచి తన పౌరులకు రెండో పౌరసత్వం వద్దనడం లేదు, మనం వద్దంటాం. కాబట్టి ఆమె ఆస్ట్రేలియా పాస్‌పోర్టు, ఓ.సి.ఐ. కార్డు రెండూ తెచ్చుకోవాలి. పాత భారత పాస్‌పోర్టుకు గడువు మిగిలి ఉన్నా వాడకూడదు. అది నేరం, దాన్ని అప్పగించాలి.

2. పని చేయొచ్చా? ప్రైవేటు కంపెనీ పనికి వేరే ఉద్యోగ వీసా అక్కరలేదు. ఎన్నాళ్లున్నా విదేశీయుల కార్యాలయంలో నమోదు అవసరం లేదు.

3. దేనికి అనుమతి కావాలి? పరిశోధన, పత్రికా పని, మత ప్రచారం, పర్వతారోహణ లాంటి వాటికి ముందుగా ప్రత్యేక అనుమతి ఉండాలి. అంటే మన గనుల చరిత్ర మీద పరిశోధనకని వస్తే, పుట్టిన ఊరే అయినా అనుమతి తీసుకోవాల్సిందే.

4. ఓటు? లేదు. ఎన్నికల్లో నిలబడటం, రాష్ట్రపతి పదవి, హైకోర్టు జడ్జి పదవి కూడా లేవు.

5. పొలం? ఇల్లు, సైటు కొనొచ్చు. వ్యవసాయ భూమి, తోట, ఫాంహౌస్ కొనకూడదు. అవ్వ వాటాగా వారసత్వంలో వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.

మనకెందుకు?

ఇంట్లో అప్లికేషన్లు నింపేది చాలాసార్లు మనమే. పెద్దవాళ్లు తెలుగులో చెప్తారు, ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, మధ్యలో మనం. 'సిటిజన్' అనే మాట చూసి అక్కడ 'భారతీయురాలు' అని రాసేస్తే పదిరోజుల ప్రయాణం ఇమిగ్రేషన్ దగ్గరే ఆగొచ్చు. దూరాన ఉన్న మామ పేరున చెరువు కింది మడి కొనాలని అడ్వాన్సు ఇచ్చేస్తే ఆ కొనుగోలు చెల్లదు, డబ్బు ఇరుక్కుపోతుంది. అనువాదంలో ఒక్క పదం తప్పితే మార్కులు పోతాయని క్లాసులో అనుకుంటాం. ఇక్కడ పోయేది మార్కులు కాదు.

కుప్పం పోయి వచ్చే కూలీకి అక్కరలేని కాగితం, సిడ్నీ నుంచి పుట్టిన ఊరికి వచ్చే ఇంజినీరుకు కావాలి. తేడా దూరంలో లేదు, పౌరసత్వంలో ఉంది. ఊరి మీద ప్రేమ రెండు చోట్లా ఉండొచ్చు, అది ఎవరూ అడ్డుకోలేరు. భారత చట్టం లెక్కలో మాత్రం పౌరసత్వం ఒక్కటే.

ఆలోచించి రాయండి

1. ఓ.సి.ఐ.కి 'పౌరుడు' అనే మాట లేకుండా తెలుగులో మంచి పేరు పెట్టండి.
2. పౌర, నాగరిక, ప్రజ: ఈ మూడింటికీ అర్థభేదం చెప్పండి.
3. కన్నడంలో 'పౌరత్వ' అంటారు, మనం 'పౌరసత్వం' అంటాం. ఈ తేడా ఎలా వచ్చి ఉంటుందో మేడంను అడిగి చర్చించండి.