పడవలో కాపురం, చేనులో కాపురం: ఇద్దరికి రోజుకు ఎంత కరెంటు కావాలి?

తెరచాప పడవలోనే కాపురం పెట్టి సముద్రాలు తిరిగే జంటల వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. మా బావ వాటికి పెద్ద ఫ్యాన్. ఆయనకు, మా అక్కకు ఆళ్లగడ్డ దగ్గర మొక్కజొన్న చేను ఉంది. కంకి పట్టినప్పటి నుంచి కోత దాకా అడవి పందుల కాపలాకి ఇద్దరూ చేని కొట్టంలోనే ఉంటారు. మొన్న నంద్యాలలో మా ఇంటికి వచ్చినప్పుడు, "పడవలో వాళ్ళు ఫ్రిజ్ కూడా నడుపుతున్నారు, మాకు ఫోన్ ఛార్జింగే నిలవట్లేదు. ఏ పవర్ బ్యాంక్ కొనమంటావు, బామ్మర్దీ?" అని అడిగారు. ఏది కొనాలో చెప్పే ముందు లెక్క వేయాలి. ఆ లెక్కే ఈ ఆర్టికల్.

పడవలో రోజు ఎలా గడుస్తుంది?

మన నేవీకి ఐఎన్‌ఎస్‌వీ తరిణి అనే 56 అడుగుల తెరచాప పడవ ఉంది. 2017 సెప్టెంబర్ నుంచి 2018 మే వరకు 254 రోజుల్లో ఆరుగురు మహిళా ఆఫీసర్లు దాని మీద ప్రపంచం చుట్టి వచ్చారు. వారిలో హైదరాబాద్‌కు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి ఉన్నారు. 2024 అక్టోబర్‌లో అదే పడవలో దిల్నా, రూప ఇద్దరే బయల్దేరి 2025 మేలో తిరిగొచ్చారు.

ఇద్దరే ఉన్న పడవలో ఒకరు పడుకుంటే ఒకరు కాపలా. మూడు నాలుగు గంటలకోసారి షిఫ్ట్ మారుతుంది. వంట గ్యాస్ మీద. చాలామంది గిన్నెలు ముందు సముద్రపు నీళ్లతో తోమి, చివర్లో కొంచెం మంచినీళ్లతో కడుగుతారు. ఉప్పునీటిని మంచినీరు చేసే చిన్న మెషిన్ మోడల్‌ని బట్టి లీటరుకు దాదాపు 4 నుంచి 8 వాట్-అవర్లు తింటుంది. అందుకే ఎండ బాగా ఉన్న మధ్యాహ్నమే దాన్ని ఆన్ చేస్తారు. ఏ పని ఎప్పుడు చేయాలో గడియారం కన్నా బ్యాటరీ మీటరే ఎక్కువగా చెబుతుంది.

ఎంఏహెచ్ కాదు, వాట్-అవర్ చూడండి

పవర్ బ్యాంక్ మీద 20,000 ఎంఏహెచ్ అని ఉంటుంది. 5,000 ఎంఏహెచ్ ఫోన్‌ను నాలుగుసార్లు నింపుతుందని అనుకుంటాం. కానీ లోపలి సెల్ 3.7 వోల్టులు. అంటే మొత్తం 74 వాట్-అవర్లు. వోల్టేజ్ మార్పిడిలో, వేడిలో సుమారు 30 శాతం పోతే మిగిలేది 52. ఫోన్ బ్యాటరీ ఒక్కోటి 19 వాట్-అవర్లు. కాబట్టి రెండున్నర సార్లకు కాస్త పైన, అంతే. కొట్టంలో రెండు ఫోన్లు కాబట్టి రెండో రోజే ఖాళీ.

కొట్టం లెక్క

చేనులో మోటర్ కరెంటు పగటిపూట 9 గంటలే, రాత్రికి ఉండదు. మీటర్ పెట్టి చూస్తే రోజుకు వచ్చిన లెక్క ఇది:

- 7 వాట్ల బల్బులు రెండు, 5 గంటలు: 70
- 12 వోల్టుల ఫ్యాన్, 20 వాట్లు, 8 గంటలు: 160
- రెండు ఫోన్లు, ఛార్జింగ్ నష్టంతో కలిపి: 50
- టార్చ్ లైట్: 20
- పందుల్ని బెదిరించడానికి కుక్కల అరుపులు వినిపించే స్పీకర్, 10 వాట్లు, 6 గంటలు: 60

మొత్తం 360 వాట్-అవర్లు.

మన వైపు ఎండను రోజుకు 5 గంటల ఫుల్ పవర్‌గా లెక్కేద్దాం. దుమ్ము, వేడి, వైర్ల నష్టం 30 శాతం తీసేస్తే 100 వాట్ల ప్యానెల్ ఇచ్చేది 350. అంటే మబ్బు పట్టని రోజు కూడా చాలదు. 165 వాట్లది అయితే దాదాపు 577 వస్తుంది. మబ్బు రోజు అందులో సగమే వచ్చినా, తక్కువ పడే 70 బ్యాటరీ ఇస్తుంది.

బ్యాటరీ విషయానికొస్తే, 12 వోల్టుల 100 ఏహెచ్ లెడ్ యాసిడ్‌లో 1,200 వాట్-అవర్లు ఉన్నా, ఎక్కువ కాలం మన్నాలంటే సగమే వాడాలి. అదే సైజు లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌లో 1,280 ఉంటే 80 శాతం, అంటే 1,024 వాడొచ్చు. ఎండే లేకపోయినా రెండున్నర రోజులు దాటుతుంది. ధర ఎక్కువే. ఛార్జ్ కంట్రోలర్‌లో లిథియం సెట్టింగ్ ఉందో లేదో చూసి కొనండి.

పడవ నుంచి తెచ్చుకోవాల్సిన నాలుగు అలవాట్లు

1. ఫోన్లు, టార్చ్, స్పీకర్ అన్నీ మధ్యాహ్నం 3 లోపు ఛార్జ్ అవ్వాలి. ఎండ నేరుగా వాటికి పోతే రాత్రికి బ్యాటరీ మిగులుతుంది.

2. పగలు మోటర్ కరెంటు ఉన్నప్పుడే నీళ్ల డ్రమ్ము నింపి పెట్టుకోండి. డ్రమ్ము కూడా బ్యాటరీ లాంటిదే. పాణ్యం మండలం పిన్నాపురం దగ్గర చేసేది కూడా ఇదే సూత్రం: మిగులు కరెంటుతో నీళ్లు పైకి ఎత్తి, అవసరమైనప్పుడు కిందికి వదిలి కరెంటు తీస్తారు.

3. సిగ్నల్ వీక్‌గా ఉన్న చోట టవర్‌ను అందుకోవడానికి ఫోన్ ఎక్కువ పవర్ వాడుతుంది. నల్లమల పక్క చేలల్లో ఇది బాగా తెలుస్తుంది. రాత్రి ఒక ఫోన్ ఆన్‌లో, రెండోది ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి.

4. చివరి 20 శాతం ముట్టుకోవద్దు. మీటర్ అక్కడికి రాగానే ఫ్యాన్, స్పీకర్ ఆపేయాలి. రాత్రి 2 గంటలకు పాము కరిస్తే 108కి కాల్ చేయడానికి ఫోన్ పని చేయాలి, అంబులెన్స్‌కు దారి చూపడానికి టార్చ్ వెలగాలి. లిథియం బ్యాటరీలో ఆ 20 శాతం అంటే 256 వాట్-అవర్లు. బల్బులు, ఫోన్లు, టార్చ్‌కు దాదాపు రెండు రాత్రులు సరిపోతుంది.

అక్కావాళ్ళు 165 వాట్ల ప్యానెల్, లిథియం బ్యాటరీ తీసుకున్నారు. సాయంత్రం మీటర్ చూసి నోట్‌బుక్‌లో రాసే పని అక్కది, ప్యానెల్ మీద దుమ్ము తుడిచే పని బావది. స్పీకర్ ఎన్ని గంటలు మోగాలో అక్క చెప్పిందే లెక్క.

మీరు కూడా ఏదైనా కొనే ముందు మీ ఇంట్లో రాత్రికి ఏమేం నడవాలో ఒక కాగితం మీద రాయండి. వాట్లను గంటలతో గుణించి కూడండి. షాపులో ఆ నంబర్ చెప్పి అడగండి.