మార్కులు ఎక్కడ పనికొస్తాయి? గ్రూపు కష్టమైతే ఏమవుతుంది?

పదో తరగతి వాళ్లకు పరీక్షలు దగ్గర పడేకొద్దీ మన హాస్టల్లో ఒకటే చర్చ. "ఎంపీసీ కష్టం, మార్కులు తగ్గుతాయి. సీఈసీ తీసుకుంటే హాయి" అని కొందరు. "ఇంటర్ మార్కులతో పనేముంది, ర్యాంకు వస్తే చాలు" అని మరికొందరు. రెండు మాటల్లోనూ సగమే నిజం.

కష్టమైన గ్రూపు చదివామని జాలిపడి ఎవరూ మార్కులు కలపరు. ఆ కష్టానికి విలువ వేరేచోట ఉంది. ఎంపీసీ చదివినవాడు కావాలంటే తర్వాత బి.ఎ.లో చేరొచ్చు. సీఈసీ చదివినవాడు ఇంజనీరింగుకు పోలేడు. ఇంటర్ స్థాయిలో జీవశాస్త్రం పాసుకాకపోతే నీట్ లేదు, డాక్టరు చదువూ లేదు. అలాగని లెక్కలంటే జ్వరం వచ్చేవాడు ఎంపీసీలో చేరి ఫెయిలైతే ఏం లాభం? తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ ద్వారా ఇస్తున్నారు. అక్కడ చూసేది ఇంటర్ మార్కులే.

ఇక ర్యాంకు సంగతి. ఎంసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇదివరకు 25 శాతం వెయిటేజీ ఉండేది. తెలంగాణలో 2023లో దాన్ని ఎత్తేశారు. మార్కులతో పనిలేదనే మాట అక్కడి నుంచే వచ్చిందనుకుంటాను. కానీ గ్రూపు సబ్జెక్టుల్లో ఎస్టీలకు 40 శాతం ఉంటేనే ఇంజనీరింగు సీటుకు అర్హత. నీట్‌కూ ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 40 శాతం కావాలి. వరంగల్ ఎన్.ఐ.టి.లో సీటుకు జేఈఈ మెయిన్ ర్యాంకు ఒక్కటే చాలదు. ఇంటర్లో మనకు 65 శాతం ఉండాలి, లేదా బోర్డులో పై 20 పర్సంటైల్‌లో ఉండాలి.

65 శాతమంటే వెయ్యికి 650. ఒకడికి లెక్కల్లో 300కి 180, ఫిజిక్స్‌లో 150కి 80, కెమిస్ట్రీలో 150కి 85 వచ్చాయనుకోండి. మొత్తం 345. మిగతా 305 ఎక్కడి నుంచి రావాలి? ఇంగ్లీషు, తెలుగుల నుంచే. రెండేళ్లకూ కలిపి వాటికి 400 మార్కులు. మన ఇళ్లల్లో కోయ, గోండి మాట్లాడతాం. తెలుగు వ్యాసమంటే మనకు బద్ధకం, ఇంగ్లీషంటే భయం. స్టడీ అవర్‌లో ఆ రెండు పుస్తకాలు ఎవరూ తెరవరు. కష్టమైన గ్రూపు తీసుకున్నవాడికే అవి ఎక్కువ అవసరమన్నమాట.

పదో తరగతి మార్కుల విషయం కూడా ఇంతే. పాలిటెక్నిక్‌కు పది పాసైతే చాలు, పాలిసెట్ ర్యాంకు చూస్తారు. బాసర ట్రిపుల్ ఐటీ అలా కాదు. 2008లో పెట్టిన ఆ చదువుకు పదో తరగతి మార్కులే ఆధారం. అక్కడ ఇంకో సంగతి ఉంది. ప్రభుత్వ నాన్ రెసిడెన్షియల్ బడుల పిల్లలకు వెనుకబాటు స్కోరు అని కొంత కలుపుతారు. మనది రెసిడెన్షియల్. ఆ కలిపేది మనకు ఉండదు, ఆ మేరకు మనమే ఎక్కువ తెచ్చుకోవాలి. ఈసారి నోటిఫికేషన్ రాగానే మెస్ దగ్గర బోర్డుకు అంటించమని వార్డెన్ సారుగారిని కోరుతున్నాం.