నోరు, దవడ ఆపరేషన్‌కు మత్తు ఇస్తున్నారా? ముందు రోజే ఇవి చూసుకోండి

ఎన్టీఆర్ వైద్యసేవ లబ్ధిదారులకు (మదనపల్లె, పుంగనూరు, కుప్పం)

1. మీ చికిత్స పథకంలో ఉందో లేదో ఆసుపత్రిలోని వైద్యమిత్రను గానీ, 104కు ఫోన్ చేసి గానీ ముందే కనుక్కోండి.

2. మత్తుకు 6 గంటల ముందే సంగటి, ఇడ్లీ, పాలు, టీ ఆపేయాలి. మాంసం, నూనె వంటలైతే 8 గంటలు. మంచినీళ్లు 2 గంటల ముందు వరకు తాగొచ్చు. డాక్టర్ వేరే టైం చెబితే అదే పాటించండి.

3. ఎందుకంటే, మత్తులో తిన్నది పైకొచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పొరపాటున తిని ఉంటే దాచకండి. ఆపరేషన్ వాయిదా పడినా నష్టం లేదు.

4. షుగర్, బీపీ, రక్తం పలుచబరిచే మాత్రల్లో ఏవి వేసుకోవాలో డాక్టరే చెప్పాలి. సొంతంగా ఆపొద్దు.

5. తోడు ఒకరు తప్పనిసరి. తర్వాత 24 గంటలు బండి నడపొద్దు.