శిక్ష పడని ఖైదీలు

జైల్లో ఉన్నవాళ్ళంతా నేరం చేసినవాళ్ళేనా? చాలామంది అవుననే అంటారు. "ఏ తప్పూ చెయ్యకపోతే లోపలెందుకు వేస్తారు?" అని ఎదురు అడుగుతారు కూడా. లెక్క మాత్రం వేరే మాట చెబుతుంది.

2022 చివరినాటికి మన దేశం జైళ్ళలో 5 లక్షల 73 వేల మంది ఉన్నారు. వారిలో 4 లక్షల 34 వేల మందికి ఇంకా శిక్ష పడలేదు. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురు! వీరు నేరం చేశారో లేదో కోర్టు ఇంకా తేల్చలేదు. ఇలాంటి వారిని విచారణ ఖైదీలు అంటారు. ఈ లెక్క ఎవరో గిట్టనివాళ్ళు వేసింది కాదు. ప్రభుత్వం వేసిందే.

మరి వీరు బయటికి ఎందుకు రారు? కొందరి మీద పెద్ద నేరాలు మోపారు. వారికి కోర్టు జామీను ఇవ్వలేదు. జామీను అన్నా బెయిలు అన్నా ఒకటే. ఇంకొందరికి జామీను వచ్చింది. అయినా రాలేరు. ఎందుకంటే డబ్బు కట్టాలి. లేదా ఆస్తి ఉన్న మనిషి పూచీ పడాలి. రెక్కాడితే గాని డొక్కాడని వాడికి పూచీ ఎవరు పడతారు? ఉన్నవాడు ఇంటికొస్తాడు. లేనివాడు లోపలే ఉంటాడు.

ఈ సంగతి దేశానికి తెలిసింది ఒక పత్రిక వల్ల. రుస్తుంజీ అనే ఆయన పెద్ద పోలీసు అధికారిగా పనిచేశారు. ఆయన బీహారు జైళ్ళు చూశారు. చూసింది 1979 జనవరిలో ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రికలో రాశారు. విచారణ జరగకుండానే ఏళ్ళ తరబడి మగ్గుతున్నవారు అక్కడ ఉన్నారు. నేరం రుజువైతే పడే శిక్ష కన్నా ఎక్కువ కాలం కొందరు లోపలే ఉన్నారు. ఏ నేరమూ చెయ్యని ఆడవాళ్ళను కూడా "రక్షణ" అని చెప్పి జైల్లో ఉంచారు. ఇదేం రక్షణ!

ఆ వ్యాసాలు ఆధారంగా కపిలా హింగోరాణీ అనే లాయరమ్మ సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అదే హుస్సేనారా ఖాతూన్ కేసు. హుస్సేనారా ఆ ఖైదీలలో ఒకామె. విచారణ త్వరగా జరగడం మనిషి హక్కు అని కోర్టు తీర్పు చెప్పింది. బీదవారికి ప్రభుత్వమే లాయరును పెట్టాలన్నది. వేలమంది బయటికి వచ్చారు.

"డబ్బు కట్టించుకోకపోతే పారిపోరా?" అని ఇప్పటికీ వాదించేవారున్నారు. ఆ వాదనను అమెరికాలో పరీక్షించి చూశారు. 1961లో న్యూయార్కులో కొందరు విద్యార్థులు అరెస్టయిన వారితో మాట్లాడారు. ఎక్కడ ఉంటున్నావు? ఏం పని చేస్తావు? నీవాళ్ళెవరు? అని అడిగారు. ఊరితో, ఇంటితో గట్టి సంబంధం ఉన్నవారిని డబ్బు లేకుండానే వదలమని జడ్జీలకు చెప్పారు. అలా వదిలినవారిలో బహు కొద్దిమంది తప్ప అందరూ వాయిదాలకు వచ్చారు. మనిషిని కోర్టుకు రప్పించేది డబ్బొకటే కాదని తేలింది. హుస్సేనారా కేసులో జస్టిస్ భగవతి ఈ పరిశోధన గురించి తన తీర్పులో రాశారు. ఇల్లూ వాకిలీ ఉన్నవారిని సొంత పూచీ మీద వదలవచ్చన్నారు.

ఇప్పుడు చట్టం ఏం చెబుతోంది? 2024 జులై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. ఇంతకు ముందు ఏ నేరానికీ శిక్ష పడని మనిషి, తన మీద మోపిన నేరానికి పడే గరిష్ఠ శిక్షలో మూడో వంతు జైల్లో గడిపితే వదలాలి. ఉదాహరణకు మామూలు దొంగతనానికి 3 ఏళ్ళ వరకు శిక్ష. కనుక ఒక ఏడాదికి వదలాలి. ఇంతకు ముందు ఏదైనా నేరానికి శిక్ష పడినవారికి సగం కాలం. ఉరిశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. ఒకటి కన్నా ఎక్కువ కేసులు నడుస్తున్నవారికీ వర్తించదు.

గడువు నిండగానే కోర్టుకు రాయవలసింది జైలు సూపరింటెండెంటే. కాని ఆ లెక్క ఇంటివాళ్ళ దగ్గర కూడా ఉండాలి. అరెస్టయిన తేదీ, కేసు నంబరు, సెక్షన్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి పెట్టుకోవాలి. జైల్లో ఉన్నవారికి ఉచితంగా లాయరును ఇస్తారు. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని అక్కడికి వెళ్ళవచ్చు. వెళ్ళలేకపోతే 15100 నంబరుకు ఫోను చెయ్యవచ్చు.